ఉత్తరం ఫ్యాను దగ్గర లేదు

"ఉత్తరం ఎటు?" అని అడిగితే మా ఐదో తరగతి పిల్లలు ఫ్యాను వైపు చెయ్యెత్తారు. తప్పు వాళ్ళది కాదు. పటం గోడకి వేలాడదీసి, పైన ఉన్నదే ఉత్తరమని చెప్పింది నేనే. పైగా అది దక్షిణం గోడ!

మాది కావలి దగ్గర పల్లె. మర్నాడు పటం తీసి వరండాలో నేల మీద పరిచాను. "సముద్రం ఎటు?" అంటే అందరూ ఠక్కున తూర్పుకి చూపించారు. పటంలోని బంగాళాఖాతాన్ని అటు తిప్పాం. అంతే, నెల్లూరు ఉన్న వైపే పటంలోనూ నెల్లూరు. "టీచర్, మద్రాసు బండి ఇటే కదా పోయేది!" అన్నాడొకడు. రైలు పట్టాలు దిక్సూచి కంటే బాగా పనికొచ్చాయి. సూర్యుణ్ణి మాత్రం గుడ్డిగా నమ్మకండి. సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లోనే. డిసెంబరుకి బాగా ఆగ్నేయానికి జరిగిపోతాడు.

స్కేలు దగ్గర, అంటే అసలు కొలతని పటంలో ఎంతకి తగ్గించాలో చెప్పేచోట, ఇంకా టెన్షన్. తరగతి గది గీయమంటే తలుపు గోడంత వచ్చింది. అంగలతో కొలిపించాను, అంగకో గడి అని. ఒకడికి 12, ఇంకొకడికి 15. గొడవ! చివరికి మీటరు పొడవు పురికొస కోసి, మీటరుకి 2 గళ్ళు అనుకున్నాం. 6 మీటర్ల గది 12 గళ్ళలో సరిపోయింది, మీటరు తలుపుకి రెండే.

ఇప్పుడు బోరు, వేపచెట్టు, ప్రహరీ కూడా గీస్తామంటున్నారు. నోటుబుక్కు చాలక పాత క్యాలెండరు వెనక గళ్ళు గీస్తున్నాం.