బాపు వదిలివెళ్ళిన స్పానిష్ పిస్టల్: ఏ సంవత్సరానిదో ఇట్లా తేలింది

మాది హనుమకొండ. బాపు పోయాక ఆయన లైసెన్సు మీదున్న చిన్న పిస్టల్ మా చేతికొచ్చింది. స్లైడ్ (పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) మీద స్టార్ అనే కంపెనీ పేరు, ఎయిబార్ అనే స్పెయిన్ ఊరి పేరు, 6.35 అని తూటా సైజు (మిల్లీమీటర్లలో) తప్ప కాగితాల్లో ఇంకేం లేదు. ఏ ఏడాదిదో, ధరెంతో తెలుసుకుందామని సీరియల్ నంబర్‌తో నెట్‌లో వెతికినా, అమెరికా వేలం ధరలు చూసినా, ఫొటోలు పంపి అడిగినా లాభం లేకపోయింది.

అది ఇంట్లో ఉంచుకునే వస్తువు కాదు. పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, వారసత్వ లైసెన్సుకు మా దగ్గరైతే పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకే చూసిందంతా డీలర్ షాపులోనే.

డీలర్ మేగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని చూపించాక, నూనె గుడ్డతో ఫ్రేమ్ మెల్లగా తుడిచి, టార్చ్ పక్కనుంచి కొట్టి, ఫోన్‌లో జూమ్ చేస్తే ఎయిబార్ ప్రూఫ్ ముద్రల (ఆయుధాన్ని పరీక్షించాక కొట్టే గుర్తులు) పక్కన ఎన్ (N) అనే అక్షరం బయటపడింది. అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ అక్షరమే సంవత్సరం, ఏ (A) అక్షరం అంటే 1927. ఇంగ్లీషు వరసలో లెక్కేస్తే 1940 వస్తుంది, కానీ స్పానిష్‌లో సీహెచ్ (CH), డబుల్ ఎల్ (LL) విడి అక్షరాలు, వాటిని కలిపితే 1942. 1955 నుంచి ఏ1 (A1), బీ1 (B1) అని మళ్ళీ మొదలవుతుంది.

ధర దగ్గర డీలర్ చూసింది పాత బ్లూయింగ్ (ఉక్కు మీది నీలి నలుపు పూత), బ్యారెల్ లోపల, ఒరిజినల్ మేగజైన్. పాలిష్ మాత్రం పెట్టించకండి, విలువ పడిపోతుంది. 1980ల నుంచి దిగుమతులు ఆగిపోయాయి, కొనేవాళ్ళకూ లైసెన్సు ఉండాలి, కాబట్టి బయటి దేశాల రేటు ఇక్కడ పనికిరాదు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి రూబీ అనే స్పానిష్ పిస్టళ్ళు 1927కు ముందువి, కాబట్టి వాటికి ఈ అక్షరాల పద్ధతి వర్తించదు. ముద్ర అరిగిపోయి ఉంటే కూడా కష్టమే.