చిరిగిన పీవీసీ రెయిన్‌కోటు: ముందు అతుకు, తర్వాతే కుట్టు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రెయిన్‌కోటు బాగుచేసే పని మాత్రం సెప్టెంబరులోనే ముగించుకోండి. ముసురులో గమ్ము పూస్తే, అందులోని సాల్వెంటు (గమ్మును కరిగించి ఉంచే ద్రవం) ఆవిరవుతూ షీటును చల్లబరుస్తుంది. గాల్లో తేమ దానిమీద చేరి తెల్లటి పొర కడుతుంది. ఆ అతుకు నిలవదు.

ముందు అది పీవీసీయేనా చూడండి. లోపలి అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి, చుక్క సబ్బు కలిపిన నీళ్లలో ముంచి వదలండి. మునిగితే పీవీసీ కావచ్చు, తేలితే పాలిథిన్ రకం. తేలేదానికి కింద చెప్పే గమ్ములేవీ పట్టవు. మడిస్తే పటపటలాడే పాత కోటు మీద కూడా శ్రమ పెట్టొద్దు. మెత్తదనాన్నిచ్చే ప్లాస్టిసైజర్ పోయింది కాబట్టి అతుకు పక్కనే మళ్లీ చిరుగుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది గమ్ము దగ్గరే. సైకిల్ ట్యూబుల సొల్యూషన్‌తో వేసిన అతుకు కొన్నాళ్లకు జారిపోతుంది, ప్లాస్టిసైజర్ అందులోకి దిగి దాన్ని జిగటగా మారుస్తుంది మరి. ఫెవిక్విక్ గాజులా బిగుసుకుని మడత దగ్గర పగులుతుంది. నీళ్ల పైపుల సొల్యూషన్ అంటుకుంటుంది గానీ ఎండాక బిరుసు. మెత్తటి వినైల్‌కు, అంటే పీవీసీకి, పనికొచ్చే సాల్వెంట్ గమ్ము గానీ, చెప్పులకు వాడే పీయూ (పాలీయురేథేన్) గమ్ము గానీ తీసుకోండి. తలుపులు తెరిచి, పొయ్యికీ అగరొత్తులకూ దూరంగా కూర్చోండి. కొవ్వొత్తితో కాల్చి అతికించే పని అసలు వద్దు, కాలే పీవీసీ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ వస్తుంది.

చిరుగు చివర 2 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం పొడవండి, ఇక ముందుకు సాగదు. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడవండి. అతుకు ముక్క చిరుగు చుట్టూ 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. మూలలు రూపాయి బిళ్ల పెట్టి గుండ్రంగా కత్తిరించండి, కోసుగా ఉంటే అక్కడే లేస్తుంది. ఉత్త షీటు కోటుకు అతుకు లోపలి వైపు వేయాలి. వెనక బట్ట ఉన్నదానికి మాత్రం బయట వైపే, గమ్ము బట్టను కాదు, పీవీసీని పట్టాలి. సాల్వెంట్ గమ్మయితే పలచగా ఒక్క పూతే, తడిగా ఉండగానే అద్దండి. మందంగా పోస్తే పలచటి షీటు ముడుచుకుపోతుంది. పీయూ గమ్మయితే రెండువైపులా పూసి, వేలికి అంటీ అంటనట్టు ఆరనిచ్చి నొక్కండి. చెంచా వీపుతో మధ్య నుంచి అంచులకు రుద్ది, గాలి బుడగలు పోగొట్టి, బరువు పెట్టి 24 గంటలు వదిలేయండి.

రెయిన్‌కోటు ప్యాంటు కాళ్ల మధ్య కుట్టు విడిపోయేది బండెక్కేటప్పుడు. దాన్ని మళ్లీ కుట్టడం దండగ, అక్కడ వెడల్పు చాలకే చిరిగింది. పాత కోటు నుంచి డైమండ్ ఆకారపు ముక్క తీసి మధ్యలో చేర్చాలి.

పొడవు తగ్గించడం తేలిక: ఉత్త షీటు అంచు పీచు లేవదు కాబట్టి మడత కూడా అక్కర్లేదు. బండి మీద కూర్చుని చూసుకున్నాకే కత్తెర పెట్టండి. గుర్తులు పెన్సిల్‌తో పెట్టండి, బాల్‌పెన్ సిరా పీవీసీలో ఇంకి పాకుతుంది. వెడల్పు తగ్గించాలంటే 15 మిల్లీమీటర్లు ఒకదానిమీద ఒకటి వేసి అతికిస్తే చాలు.

బట్ట ఉన్న కోటుకు కుట్టు తప్పనప్పుడు కుట్టు పొడవు 4 నుంచి 5 మిల్లీమీటర్లు పెట్టండి. దగ్గర దగ్గరగా పడితే ఆ రంధ్రాల వెంబడే తపాలా బిళ్లలా ఊడొస్తుంది. 14 నంబరు సూది, పాలిస్టర్ దారం వాడండి. మిషన్ పాదం కింద ట్రేసింగ్ పేపర్ పెడితే షీటు అతుక్కోకుండా జారుతుంది. గుండుసూదులు వద్దు, బట్టల క్లిప్పులు చాలు. చివర వెనక్కి కుట్టకుండా దారాలు చేత్తో ముడేయండి. బయట వైపు కుట్టు మీద 2 సెంటీమీటర్ల పీవీసీ పట్టీ అంటించకపోతే ప్రతి రంధ్రమూ కారుతుంది.

రొయ్యల పనుల్లో వాడే ఏప్రాన్లకు తాడు కంతలే ముందు తెగుతాయి. రెండువైపులా గుండ్రటి ముక్కలు అంటించి, మధ్యలో ఇత్తడి ఐలెట్ (కంతకు బిగించే రింగు) కొట్టించండి. ఇనుపదైతే ఉప్పునీటికి తుప్పు పడుతుంది.

గమ్ము ఆరాక అతుకున్న చోటును దోసిలిలా పట్టి, చెంబుడు నీళ్లు పోసి 5 నిమిషాలు ఆగండి. అడుగున తడి కనిపిస్తే ఆ అంచు ఎత్తి, తుడిచి, మళ్లీ పూయండి.