పాటీ నేర్చిన బిడ్డ మళ్లీ చెడ్డీ పాడుచేస్తుంటే

సమస్య: రెండు నెలలు చక్కగా పాటీ మీద కూర్చున్న బిడ్డ మళ్లీ చెడ్డీలోనే కానిచ్చేస్తున్నాడు.

కారణం మొండితనమని తేల్చి, బెత్తం వెతకడం మొదలుపెడతారు. మలం సరిగ్గా వచ్చి ఎన్నాళ్లయింది, ఎలా వచ్చింది అని అడిగితే మాత్రం ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ముందు అది చూడండి. నేను చూసినంతలో ఎక్కువసార్లు దోషి మలబద్ధకమే.

పలచగా అవుతుంటే మలబద్ధకం ఎలా అవుతుందంటారా? నేనూ అలాగే అనుకున్నాను. మా రెండోవాడికి రోజంతా చెడ్డీలో పలచని మరకలు. విరేచనాలనుకుని పప్పు, ఆకుకూర మానిపించి పాలు పట్టాను. వారానికి మరీ ముదిరింది. అనంతపురంలో పిల్లల డాక్టరు వాడి పొట్ట మీద నా చెయ్యే పెట్టించి చూపించారు: ఎడమపక్క కింద రాళ్లలా ఉండలు.

ఒకసారి నొప్పి పుడితే తర్వాతిసారి బిగబట్టుకుంటారు. లోపల ఆగినకొద్దీ పేగు నీటిని పీల్చేసి ఇంకా గట్టిపరుస్తుంది. సాగిపోయిన పేగుకు ‘వస్తోంది’ అన్న కబురు అందదు. వెనకనున్న పలచనిది గట్టిదాని పక్కనుంచి కారుతుంది, బిడ్డకు తెలియకుండానే. పేగు మూత్రాశయాన్ని నొక్కడం వల్ల పక్క కూడా తడుపుతారు. తలుపు చాటున మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు మెలేస్తుంటే ముక్కుతున్నాడనుకుంటాం. నిజానికి ఆపుకుంటున్నాడు.

పరిష్కారం: మలాన్ని మెత్తబరిచే మందు డాక్టరు రాసిన మోతాదులో వాడండి. నాలుగు రోజులకే బాగైందని ఆపేస్తే కథ మొదటికే వస్తుంది. సాగిన పేగు సర్దుకోవడానికి నెలలు పడుతుంది. మలద్వారంలో పెట్టే ఆముదంలో ముంచిన తమలపాకు కాడ, సబ్బుముక్క జోలికి పోకండి, ఉన్న భయం రెట్టింపవుతుంది. పాలు రోజుకు అర లీటరు దాటనివ్వకండి. రాగి సంగటి, ఆకుకూర పప్పు, జామపండు, నీళ్లు పెట్టండి. తిన్న కాసేపటికి పేగు కదులుతుంది, అప్పుడు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. కాళ్లు వేలాడకుండా కింద పీట వేయండి. వాంతులు, పొట్ట ఉబ్బు, రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి.

మూత్రం పోసేటప్పుడు మంట, జ్వరం ఉంటే మూత్ర పరీక్ష చేయించండి. చెల్లి పుట్టినప్పుడు వెనక్కి తగ్గితే కొన్నాళ్లు ఓపిక పట్టండి. దీనికి వెన్ను, నరాల జబ్బులు కారణం కావడం అరుదు, అది డాక్టరే చూసుకుంటారు.

సమస్య: అలవాటైంది, ఇప్పుడు చెప్పకుండా ఒంటరిగా బాత్రూముకు పరుగెడుతున్నాడు.

అసలు ప్రమాదం ఇప్పుడే. కొళాయి రోజూ రాని వీధుల్లో బకెట్లూ డ్రమ్ములూ ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. చిన్నపిల్లలకు తల బరువెక్కువ. తొంగిచూసి తలకిందులైతే లేవలేరు, రెండంగుళాల నీళ్లు చాలు, చప్పుడు కూడా రాదు. ఖాళీ బకెట్ బోర్లించండి. డ్రమ్ముకు బిగుతైన మూత ఉండాలి. తలుపుకు బయటివైపు, పైన గడియ పెట్టించి, లోపలి గడియ ఊడదీయండి. నల్లటి కడప బండ మీద తడి కనిపించదు, రబ్బరు చాప పరవండి. యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి బాత్రూము మూలన పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మీదీ అందులో ఒకటైతే చదవడం ఆపి ముందు ఆ సీసా తీయండి.