సౌదీకి కొత్తగా వచ్చే తమ్ముళ్లకు: జేబులో కార్డు ఉంది కదా అనుకోవద్దు

ఆమధ్య ఒక గురువారం రాత్రి రియాద్ బత్తా బజార్లో ఒక నిర్మల్ అబ్బాయి కలిశాడు. చెల్లెలి పెళ్లి. సెలవు ఇచ్చారు, టికెట్ కూడా కొనుక్కున్నాడు, ఇంటికి పోయి రావడానికి సౌదీ సర్కారు ఇచ్చే వీసా మాత్రం పడట్లేదట. ఇకామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్, ఉందా అంటే జేబులోంచి కార్డు తీసి చూపించాడు. వాడి ఫోన్లోనే సర్కారు యాప్ అబ్షర్ తెరిపించి చూస్తే ఇకామా గడువు అయిపోయి నాలుగు నెలలైంది. పాపం అనిపించింది, అయినా తిట్టాను. ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను.

ఇకామా తీయడానికి మెడికల్, వేలిముద్రలు ఇవన్నీ ఏజెంటు చెప్పే ఉంటాడు, వదిలేయండి. ఏజెంటు చెప్పనివి చెప్తా.

మనవాళ్లకి సౌదీ అంటే ఒక ఊరు. 2017 చివర్లో నేను దమ్మాంలో దిగిన రోజే అమ్మ ఫోన్ చేసి, "జెద్దాలో చిన్నాయన కొడుకు ఉన్నడు కద, సాయంత్రం పోయి కలువు" అంది. దమ్మాం గల్ఫ్ ఒడ్డున, జెద్దా ఎర్ర సముద్రం ఒడ్డున. రోడ్డు మీద 1,300 కిలోమీటర్లకు పైనే, రియాద్ నడుమ వస్తుంది. దేశం మొత్తం దాదాపు 21.5 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన ఇండియాలో మూడింట రెండు వంతులు. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి లేదు. దమ్మాం, జెద్దాల్లో ఉక్కపోత, రియాద్‌లో పొడి వేడి, అబహా కొండల మీద చల్లగా ఉంటుంది. నన్ను ఉత్తరాన హఫర్ అల్ బాతిన్‌లో వేశారు. ఎడారికి స్వెటర్ ఎందుకులే అని తెచ్చుకోలేదు. జనవరిలో రెండు దుప్పట్లు కప్పుకుని కూడా వణికాను.

2022 జనాభా లెక్కల్లో ఇక్కడ 3.22 కోట్ల మంది. అందులో నూటికి నలభైకి పైగా మనలాంటి పరాయివాళ్లే. ఇంతమందిని సర్కారు ఒక్క నంబరుతో పట్టుకుంటుంది: 2తో మొదలయ్యే పది అంకెల ఇకామా నంబరు. బ్యాంకు, సిమ్ము, ఆస్పత్రి, ఊళ్ల మధ్య చెక్‌పోస్టు, ఇంటికి పోయే వీసా, అన్నీ దాని మీదే.

ఇది రాజు పాలించే దేశం. పార్టీలు లేవు. 2015 నుంచి సల్మాన్ రాజు, 2022 నుంచి యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ ప్రధాని. 13 ప్రాంతాలు, ఒక్కోదానికి ఒక అమీర్, అంటే గవర్నర్. ఎమ్మెల్యేతో ఫోన్ చేయిస్తానంటే నడవదు. మనకు తెలియాల్సినవి రెండే: ఇకామా, వీసాలకు జవాజాత్ అనే పాస్‌పోర్టు శాఖ, జీతం తగాదాలకు కార్మిక శాఖ. కార్మిక శాఖలో ముందు రాజీకి 21 రోజులు చూస్తారు, కుదరకపోతే లేబర్ కోర్టు.

ఇక డబ్బు సంగతి. పెట్రోలు తీసే ముడి నూనె అంతా తూర్పున, దమ్మాం, దహ్రాన్ వైపు. 1938లో మొదట పడింది అక్కడే. రియాద్‌లో సర్కారు పెట్టుకున్న విజన్ 2030 ప్లాన్ పేరుతో ఎటు చూసినా క్రేన్లు. నూనె ధర పడితే సర్కారు బిల్లులు ఆగుతాయి, బిల్లులు ఆగితే కాంట్రాక్టు కంపెనీకి చేతులాడవు. 2016లో వేలమంది మనవాళ్లు నెలల తరబడి జీతాల్లేక క్యాంపుల్లో చిక్కుకున్నది అందుకే. కంపెనీకి కరువొస్తే ముందుగా ఆపే ఖర్చుల్లో ఇకామా రెన్యువల్ ఒకటి. చట్టం ప్రకారం ఆ ఫీజు, ఆలస్యమైతే జరిమానా కంపెనీయే కట్టాలి. కట్టకపోతే ఇబ్బంది మాత్రం మనది.

నా ఇకామా గడువు పోయిందని నాకెలా తెలిసిందంటే, ఏటీఎం డబ్బులివ్వలేదు. మూడు సార్లు పెట్టాను. ఖాతాలో జీతం ఉంది, మిషన్ మాత్రం కార్డు బయటికి తోస్తోంది. వెనక లైన్లో ఉన్న పాకిస్తానీ డ్రైవర్ నవ్వి, "భాయ్, ఇకామా ఖతం" అన్నాడు. కార్డు ఐదేళ్లకిస్తారు, రెన్యువల్ ఆన్‌లైన్లో అవుతుంది. కార్డు కొత్తగా మెరుస్తూనే ఉంటుంది, గడువు ఎప్పుడో పోయి ఉంటుంది. 2021 నుంచి కంపెనీలు మూడు నెలలకొకసారి కూడా రెన్యువల్ చేసుకోవచ్చు కాబట్టి ఏడాదికి నిశ్చింత అని లెక్క కట్టొద్దు.

నేను చేసిన అసలు తెలివితక్కువ పని వేరే ఉంది. వచ్చిన మొదటి నెలలో మా మందూబ్, అంటే కంపెనీ తరఫున సర్కారు పనులు చూసేవాడు, "నేను చూసుకుంటా" అంటే అబ్షర్ వాడి నంబరు మీద తెరిపించాను. ఓటీపీ వాడికి పోయేది. నా గడువు నాకే తెలియదు. మీరు మాత్రం సిమ్ము మీ పేరు మీదే తీసుకోండి, అబ్షర్ ఆ నంబరు మీదే తెరవండి, పాస్‌వర్డ్ ఎవడికీ చెప్పొద్దు, రూమ్మేటుకి కూడా. జీతం పడిన రోజు తేదీ చూసుకోండి. హిజ్రీ (ముస్లిం క్యాలెండర్) తేదీ కనిపిస్తే ఇంగ్లీషు తేదీలోకి మార్చి చూడండి, ఆ ఏడాది మనదానికంటే దాదాపు 11 రోజులు తక్కువ. ఇంత చెప్పినా "కంపెనీ చూసుకుంటది అన్నా" అనేవాడికి నేనేం చేయను?

భయపెడుతున్నానా? సరే, ఇదీ వినండి. జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. రియాల్ డాలరుకు 3.75 దగ్గర 1986 నుంచి కట్టేసి ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. రియాద్‌లో ఎంబసీ, జెద్దాలో కాన్సులేట్ ఉన్నాయి. నేనూ నిలదొక్కుకున్నాను, మీరూ నిలదొక్కుకుంటారు.

నిర్మల్ అబ్బాయికి మొన్న రెన్యువల్ అయింది, మూడు నెలలకే. పెళ్లి అప్పటికే అయిపోయింది, వీడియో కాల్లో చూశాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే అబ్షర్ స్క్రీన్‌షాట్ పంపుతున్నాడు. నెలకోసారి చాలురా అంటే వినడు.