కోడిపిండం గుడ్డు తెరిచే ముందు జాగ్రత్తలు

గుడ్లు హేచరీ నుంచే తెచ్చుకోండి. అంగడి గుడ్లలో పిండం ఉండదు.

తిరుపతి ఎండల్లో గుడ్లను బల్ల మీద వదలొద్దు. సుమారు 21 డిగ్రీలు దాటితే పిండం మెల్లగా ఎదగడం మొదలవుతుంది, ఒక్కోటీ ఒక్కోలా. ఇక రోజుల లెక్క పనికిరాదు. పొదిగించేదాకా 15 డిగ్రీల దగ్గర ఉంచండి.

ఇంక్యుబేటర్ 38 డిగ్రీలు, నీళ్ల ట్రే నిండుగా.

రోజును కాదు, హాంబర్గర్-హామిల్టన్ దశను (పిండం రూపాన్ని బట్టి ఎదుగుదలను చెప్పే అంకె) నమ్మండి. మూడో రోజు కాలు చిన్న ఉబ్బు మాత్రమే. నరాలు అందులోకి చేరేది 4, 5 రోజులప్పుడు.

పిండం కనిపించేలా పెంకులో కిటికీ కోసే ముందు సిరంజితో 2-3 మి.లీ. తెల్లసొన తీయాలి, అప్పుడు పిండం పెంకు నుంచి కిందికి దిగుతుంది. నేను తీయకుండా కోశాను, పెంకు కింది రక్తనాళం తెగింది. ఆ ఎర్రటి చుక్క ఇంకా కళ్లముందే ఉంది.

జన్యు వ్యక్తీకరణ (ఏ జన్యువు ఎక్కడ పనిచేస్తోందో) ఆర్ఎన్ఏ ద్వారా చూడాలంటే గ్లోవ్స్ తప్పనిసరి: మన చర్మం మీది ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను తినేస్తాయి. కణజాలాన్ని చెడకుండా నిలిపే పారాఫార్మాల్డిహైడ్ విషపూరితం, దాన్ని వాడేది ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే.