దౌత్యవేత్త కెరీర్‌ను చదవడం ఎలా? 3వ పాఠం: తేదీ పక్కన తేదీ

పోయిన పాఠంలో పోస్టింగులన్నీ వరసగా రాసుకోవడం నేర్చుకున్నాం కదా, ఆ జాబితా ఒక్కటే ఉంటే అది ఉత్త బదిలీల చిట్టా. ఈసారి కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు దౌత్యవేత్త ఉద్యోగం, కుడివైపు అదే రోజుల్లో ఆయన దేశంలో ఏం జరిగిందో.

మన ఉదాహరణ బంగ్లాదేశ్‌కు చెందిన హుమాయున్ రషీద్ చౌదరి. 1928లో సిల్హెట్‌లో పుట్టారు, అలీగఢ్‌లో చదివారు, 1953లో పాకిస్తాన్ విదేశాంగ సర్వీసులో చేరారు (ఇప్పటి బంగ్లాదేశ్ అప్పుడు పాకిస్తాన్‌లో భాగం). ఇదంతా గబగబా రాసేసి 1971 దగ్గర ఆగండి.

అప్పుడాయన ఢిల్లీలో పాకిస్తాన్ హైకమిషన్‌లో ఉన్నారు. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం ఊచకోత మొదలుపెట్టింది. అదే హైకమిషన్‌లో సెకండ్ సెక్రటరీ కె.ఎం. షహాబుద్దీన్, ప్రెస్ విభాగంలో పనిచేసే అంజాదుల్ హక్ ఏప్రిల్ 6నే బయటికొచ్చి బంగ్లాదేశ్ పక్షాన నిలబడ్డారు. ఇప్పుడు కుడివైపు చూడండి, బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం ప్రమాణం చేసింది ఏప్రిల్ 17న! అంటే వాళ్లు ఉద్యోగం వదిలింది ఇంకా ఏర్పడని ప్రభుత్వం కోసం. ప్రమాణం జరిగిన మర్నాడే కలకత్తాలో డిప్యూటీ హైకమిషనర్ హుస్సేన్ అలీ పాకిస్తాన్ జెండా దించి బంగ్లాదేశ్ జెండా ఎగరేశారు. చౌదరి బంగ్లాదేశ్ వైపు వచ్చింది అక్టోబరులో. ఆలస్యం కదా అనిపిస్తుంది, కానీ భారత్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది డిసెంబరు 6న, కాబట్టి ఆయన కూడా గెలుపు ఖాయమయ్యాక వచ్చిన మనిషి కాదు.

రెండో చోటు 1975 ఆగస్టు 15. ఇక్కడ తొందరపడకండి. ఎడమవైపు గడిలో ఒక్క ముక్కే ఉంటుంది: పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లో బంగ్లాదేశ్ రాయబారి. కుడివైపు, ఢాకాలో దేశాధ్యక్షుడు షేక్ ముజీబ్‌ను ఇంట్లోనే కుటుంబంతో సహా చంపేశారు. బ్రస్సెల్స్‌లో ఉండబట్టి కూతుళ్లు హసీనా, రెహానా బతికిపోయారు. చౌదరి వాళ్లను బాన్ రప్పించి ఆశ్రయమిచ్చారు. ఢాకాలో అధికారం చేతులు మారిపోయింది, ఆయన జవాబు చెప్పుకోవాల్సింది ఆ కొత్త ప్రభుత్వానికే, అయినా తలుపు తీశారు. ఈ సంగతి ఏ పోస్టింగుల జాబితాలోనూ కనిపించదు, నాకు మాత్రం ఆయన కెరీర్ మొత్తంలో ఇదే పెద్ద గడి.

ఇంత చేశాక కెరీర్ అక్కడితో ఆగిపోవాలి, ఆగలేదు. సౌదీలో రాయబారి, విదేశాంగ కార్యదర్శి, సైనిక పాలకుడు ఎర్షాద్ హయాంలో విదేశాంగ మంత్రి, 1986లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ అధ్యక్షుడు, 1996లో హసీనా ప్రధాని అయ్యాక పార్లమెంటు స్పీకర్. 2001లో ఆ పదవిలో ఉండగానే చనిపోయారు. ముజీబ్ కూతుళ్లను కాపాడిందీ, సైనిక పాలకుడి దగ్గర మంత్రిగా చేసిందీ ఒకే మనిషి. రెండు గడులూ అలాగే ఉంచండి. ఒకటి చెరిపేసి ఆయన్ను వీరుణ్ణో అవకాశవాదినో చేసెయ్యడం చాలా తేలిక, ఆ పని చెయ్యొద్దు.

ఇంటిపని: 1971లో బాగ్దాద్‌లో పాకిస్తాన్ రాయబారి అయిన అబుల్ ఫతే ఆగస్టులో బంగ్లాదేశ్ వైపు వచ్చేశారు. తర్వాత కొత్త దేశానికి తొలి విదేశాంగ కార్యదర్శి అయ్యారు. ఆయనకు ఇలాంటి పట్టిక వెయ్యండి. అమెరికాలోని బెంగాలీ దౌత్యవేత్తలు ఒక్కసారిగా బయటికొచ్చిన ఆగస్టు 4ను కుడివైపు రాయడం మర్చిపోకండి.