ఘాటీ ఎక్కాలంటే: కోరాపుట్, గజపతి కొండల్లో సైకిల్‌కి పళ్ళ లెక్క, ఊపిరి లెక్క

దక్షిణ ఒడిశాలో జయపురం, సెమిలిగుడ, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు సైకిల్ తొక్కేవాళ్ళు కొండ కోసం ప్రత్యేకంగా ఎక్కడికీ పోనక్కర్లేదు. ఊరు దాటితే ఏదో ఒక ఘాటీ, అంటే కొండ ఎక్కే రోడ్డు, తగులుతుంది. తొలిసారి ఎక్కబోయి సగంలో దిగి నడిచేవాళ్ళలో చాలామంది "కాళ్ళలో బలం లేదు" అనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు తప్పు రెండు చోట్ల ఉంటుంది: వెనక గేరు చక్రానికి చైను తగులుకునే పళ్ళు చాలకపోవడం, మొదటి కిలోమీటరు దూకుడుగా తొక్కేయడం. రెండూ ఇంట్లో కూర్చుని సరిచేసుకోదగ్గవే.

ముందు వాలు ఎంతో తేల్చుకోండి

ఎక్కిన ఎత్తుని దూరంతో భాగించి నూరుతో గుణిస్తే వాలు శాతం వస్తుంది. 4 కిలోమీటర్లలో 280 మీటర్లు లేస్తే 7 శాతం. ఈ సగటుని మాత్రం నమ్మకండి. ఆ నాలుగింటిలో రెండు కిలోమీటర్లు చదునుగా ఉంటే మిగతా రెండూ 14 శాతం అన్నమాట. ఫోన్‌లో దారి గీసి ఎత్తు చూపించే యాప్ ఏదైనా తీసుకుని అర కిలోమీటరుకో ముక్కగా చూడండి. 5 శాతం మామూలు ఎత్తు. 8 దగ్గర మాట తగ్గుతుంది. 12 దాటితే సైకిల్ మీద కూర్చునే తీరే మార్చాలి.

ఒక సంగతి తెలిస్తే దారి ఎంచుకోవడం తేలిక. కొండ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన ప్రమాణాల ప్రకారం మామూలు వాలు 5, 6 శాతం దగ్గర ఉండాలి. తప్పనిసరైన చోట కూడా 7, 8 దాటకూడదు. జాతీయ రహదారి ఘాటీలు దాదాపు ఆ హద్దులోనే సాగుతాయి కాబట్టి అవి పొడుగే గాని నిటారు కావు. నిటారు పరీక్షలన్నీ కొండ కొమ్ముకి, గుడికి, మారుమూల ఊరికి వేసిన చిన్న రోడ్లలో ఉంటాయి.

మొదటి ఘాటీగా జయపురం నుంచి కోరాపుట్ మంచిది. 22 కిలోమీటర్ల దాకా ఉంటుంది, జయపురం సుమారు 660 మీటర్ల ఎత్తులో, కోరాపుట్ సుమారు 870లో. రెండోది సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి. సాలూరు 120 మీటర్ల దగ్గరే ఉంది కాబట్టి మైదానం నుంచి పీఠభూమికి మొత్తం ఎక్కాలి. రాయపూర్, విశాఖ లారీలు ఆ రోడ్డునే పోతాయి, అది గుర్తుంచుకోండి. బరంపురం వాళ్ళకి దిగపహండి దాటాక తప్తపాణి ఎక్కుడు ఉంది. ఈ మూడింటి తరవాతే ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి (1672 మీటర్లు), గజపతి జిల్లా మహేంద్రగిరి (1501 మీటర్లు). మహేంద్రగిరికి శివరాత్రి రోజుల్లో వెళ్ళకండి. జనం, జీపులు, దారి పొడుగునా ఆగడమే సరిపోతుంది. ఈ ఎత్తుల్లో గాలి పలచబడి ఊపిరి అందదేమోనన్న భయం మాత్రం అక్కర్లేదు.

పళ్ళ లెక్క

మనిషి 65 కిలోలు, సైకిల్ 13, నీళ్ళూ సామానూ 2. మొత్తం 80 కిలోలు. దీన్ని 8 శాతం వాలు మీద గంటకి 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కించడానికి 150 వాట్లు కావాలి. రోజూ తొక్కే అలవాటున్న మామూలు మనిషి గంటసేపు నిలబెట్టగలిగింది అంతే. అదే వాలు మీద 12 కిలోమీటర్ల వేగం కావాలంటే 230 వాట్ల దాకా పోవాలి. అది అందరికీ పడదు. అంటే మీ గేరు 8 కిలోమీటర్ల వేగం దగ్గర కూడా పెడల్ హాయిగా, నిమిషానికి 60కి తగ్గకుండా తిరిగేలా ఉండాలి.

ముందు 34 పళ్ళు, వెనక 34 ఉన్న రోడ్ సైకిల్ నిమిషానికి 60 తిప్పులకి గంటకి ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. సరిపోతుంది. ముందు 24, వెనక 28 ఉన్న మామూలు 21 గేర్ల సైకిల్ అదే తిప్పులకి ఆరుంపావు, ఆరున్నర మధ్య పోతుంది. అది ఇంకా మేలు. సైకిల్ బరువని, పాతదని దాన్ని చిన్నచూపు చూస్తారు గాని ఘాటీకి అదే సరైనది. ముందు 42, వెనక 28 ఉన్న పాత రేసు సైకిల్‌కి 60 తిప్పుల దగ్గరే 11 కిలోమీటర్లు దాటాలి. 8 శాతం మీద అది మోకాళ్ళతో ఆటే. గేర్లు లేని 44, 18 పళ్ళ సైకిల్ సంగతి చెప్పనక్కర్లేదు. దాన్ని ఎక్కించేవాళ్ళు లేరని కాదు, ఎక్కించేవాళ్ళు రోజూ కట్టెలూ బస్తాలూ మోసి అలవాటైనవాళ్ళు. పైగా నిటారు చోట వాళ్ళూ దిగి తోస్తారు.

బరువు తగ్గించడం మీద డబ్బు పోయకండి. 80లో ఒక కిలో తగ్గితే గంట ఎక్కుడులో మిగిలేది ముప్పావు నిమిషం. ఆ డబ్బుతో వెనక 28 పళ్ళ ఫ్రీవీల్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) తీసి 34ది వేయించండి. దానితోపాటు మూడు పనులు తప్పవు.

చైను పొడుగు: ముందు పెద్ద పళ్ళచక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం మీదుగా, డిరైలర్‌లోంచి (చైనుని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టే భాగం) పోనివ్వకుండా, చైను చుట్టి లాగండి. కొసలు కలిసే చోటికి ఇంకో అంగుళం, అంటే రెండు లింకులు, ఎక్కువ ఉండాలి. పొట్టిగా వదిలేస్తే ఘాటీ మధ్యలో చైను వెనక పెద్ద పళ్ళచక్రం మీదికి పోగానే డిరైలర్ విరిగి చేతికొస్తుంది.

డిరైలర్ ఆ పళ్ళని మోయగలదా: చిన్న బుట్ట (చైను పోయే కింది చట్రం) ఉన్న డిరైలర్లు 28 పళ్ళతోనే ఆగిపోతాయి. 34కి పొడుగు బుట్టది కావాలి.

'ఎల్' స్క్రూ: దీన్ని మాత్రం ఎవరిమీదా వదలకండి. డిరైలర్ మీద పక్కపక్కన రెండు చిన్న స్క్రూలుంటాయి. 'ఎల్' అన్నది చైను వెనక పెద్ద పళ్ళచక్రం దాటి చక్రం పుల్లల వైపు పడకుండా ఆపుతుంది. చదును రోడ్డు మీద ఆ గేరు ఎవరూ వేయరు కాబట్టి అది వదులైనా ఏళ్ళ తరబడి తెలీదు. ఘాటీలో బలమంతా పెట్టి తొక్కుతున్నప్పుడు చైను అవతలికి దూకి పుల్లల్లో ఇరుక్కుంటుంది, చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. ఇంట్లో వెనక చక్రం పైకెత్తి, చైనుని వెనక పెద్ద పళ్ళచక్రం మీద పెట్టి, పెడల్ తిప్పుతూ డిరైలర్‌ని వేలితో లోపలికి నెట్టండి. చైను పుల్లల వైపు జారబోతే స్క్రూ పావు తిప్పు చొప్పున బిగించండి. గేరు అసలు పడకపోతే అంతే వదులు చేయండి.

చైను అరిగిందో లేదో స్కేలుతో చూసుకోవచ్చు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే కొత్త చైనులో 12 అంగుళాల గీత సరిగ్గా మరో పిన్ను మధ్యకి వస్తుంది. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోతే చైను మార్చండి. ఎనిమిదో వంతు పోయిందంటే ఫ్రీవీల్ కూడా పోయినట్టే. అరిగిన పళ్ళ మీద కొత్త చైను ఎక్కుడులో టక్కుమని జారుతుంది.

సీటు, గాలి

సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టినప్పుడు, పెడల్ అడుగున ఉండగా కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కాస్త వంగి ఉంటుంది. మనవైపు చాలామంది కాలు నేలకి అందాలని సీటు దించి కూర్చుంటారు. ఘాటీలో మోకాలి చిప్ప ముందు నొప్పికి మొదటి కారణం అదే. గాలి, 65, 70 కిలోల మనిషికి, 28 మిల్లీమీటర్ల టైరులో 70 నుంచి 80 పీఎస్‌ఐ, లావు 26 అంగుళాల టైరులో 35 నుంచి 40. ముందు షాకర్‌కి లాక్ ఉంటే ఎక్కేటప్పుడు వేసేయండి.

కాళ్ళకి అలవాటు

ఊరి దగ్గర 5, 6 శాతం వాలున్న అర కిలోమీటరు మిట్ట వెతకండి. పర్లాకిమిడి లాంటి చోట అది దొరక్కపోతే పొడుగైన వంతెన ఎక్కుడైనా చాలు. వారానికి రెండుసార్లు, ఒక్కో రోజు నాలుగుసార్లు ఎక్కి దిగండి. వారానికి ఒక్కో ఎక్కుడు పెంచుతూ ఎనిమిదికి తెచ్చుకున్నాక ఘాటీకి వెళ్ళండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుకి చూపించుకోవాలి. ఎక్కేటప్పుడు ఛాతీలో బిగువు, ఎడమ చేతికి లాగడం ఉంటే పందెం పక్కనపెట్టి ఆగిపోవాలి.

ఎక్కడం

మొత్తం దూరాన్ని మనసులో మూడు ముక్కలు చేయండి. మొదటి ముక్కలో పక్కవాడితో పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలగాలి. "ఇంత మెల్లగానా" అనిపించాలి. రెండో ముక్కలో నాలుగైదు మాటలకో ఊపిరి. మూడో ముక్కలో మీ ఇష్టం. మొదటి కిలోమీటరులో దమ్ము అయిపోతే వాలు తగ్గేదాకా అది తిరిగి రాదు, ఘాటీలో వాలు అంత త్వరగా తగ్గదు.

గేరు ఎత్తు మొదలవకముందే మార్చండి. ఎత్తు మీద మార్చాల్సి వస్తే ఒక్క తిప్పు బలంగా తొక్కి, తరవాతి సగం తిప్పులో కాలు తేలిక చేసి, అప్పుడు లివర్ నొక్కండి. బలం మీద ఉండగా ముందు పళ్ళచక్రాల గేరు మారిస్తే చైను ఊడి ఫ్రేముకీ చైన్‌వీల్‌కీ మధ్య చిక్కుకుంటుంది.

ఎక్కువసేపు కూర్చునే తొక్కండి. నాలుగైదు నిమిషాలకోసారి ఇరవై తిప్పులు నిలబడితే నడుముకి, పిరుదులకి ఊరట. నిలబడబోయేముందు వెనక ఒక గేరు బరువు చేయండి, లేకపోతే కాలు గాల్లో తిరిగినట్టై సైకిల్ వెనక్కి జారినట్టుంటుంది. వెనక వచ్చేవాడి ముందు చక్రానికి అది తగులుతుంది కూడా.

12 శాతం దాటిన చోట ముందు చక్రం తేలుతుంది. సీటు ముక్కు మీదకి జరిగి, మోచేతులు వంచి, గడ్డం హ్యాండిల్ వైపు దించండి. గులకరాయి ఉన్నప్పుడు నిలబడకండి. వెనక చక్రం మీద బరువు పోయి జారుతుంది.

హెయిర్‌పిన్ మలుపులో లోపలి అంచు బాగా నిటారుగా, బయటి అంచు తక్కువ వాలుతో ఉంటుంది. కుడి మలుపులో మన ఎడమ పక్కే బయటి అంచు కాబట్టి అది ఉచితంగా దొరికిన విశ్రాంతి. నీళ్ళు తాగడానికి అదే చోటు. ఎడమ మలుపులో మనం లోపలి అంచులో చిక్కుకుంటాం. అక్కడ వాలు తప్పించుకోవాలని రోడ్డు మధ్యకి పోవడం చాలామంది చేసే పని. పైనుంచి దిగే లారీ మలుపు తిరగడానికి మన వైపుకే వస్తుంది, కింది నుంచి ఎక్కేది ఆగితే మళ్ళీ కదలలేదని ఆగదు. హారన్ వినపడకపోయినా ఇంజను మోత వినపడుతుంది, అందుకే చెవుల్లో పాటలు వద్దు. లోపలి అంచులో రెండు గేర్లు తేలిక చేసుకుని ఎడమకే ఉండండి.

దిగి నిలబడ్డాక మళ్ళీ ఎక్కడం నేర్చుకోవాల్సిన విద్యే. తేలిక గేరులో ఉండగానే ఆగాలి. వెనకా ముందూ బండి లేదని చూసి సైకిల్‌ని రోడ్డుకి కాస్త అడ్డంగా తిప్పండి. రెండు బ్రేకులూ పట్టి, కుడి పెడల్‌ని గడియారంలో రెండు గంటల చోటికి తెచ్చి, దాని మీద నిలబడుతూ బ్రేకు వదలండి. రెండో కాలు పెడల్ మీద పడ్డాకే సైకిల్ పైకి తిప్పాలి.

పందెం సరదా కావాలంటే అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1983 నుంచి జరిగే 'డర్టీ డజన్' నియమం పెట్టుకోండి. అక్కడ 13 కొండలెక్కుతారు, ఒకదాని వాలు 37 శాతం. మధ్యలో కాలు నేలకి ఆనితే కిందికి పోయి మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ ఒక్క నియమంతోనే ఆడితే వేగం లెక్క ఉండదు కాబట్టి బలం తక్కువవాళ్ళు కూడా గెలవచ్చు. లారీలు తిరిగే రహదారి మీద మాత్రం వద్దు.

నీళ్ళు, తిండి, కాలం

గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు. గంట దాటే ఎక్కుడైతే ఒక సీసాలో ఓఆర్‌ఎస్, లీటరుకి ఒక పెద్ద పాకెట్టు. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది, మిగతాది పల్లీ చిక్కీ, బెల్లం ముక్క. చోడంబలి (రాగి అంబలి) మంచిదే గాని ఎక్కేముందు చెంబుడు తాగితే కడుపులో నీళ్ళు కదులుతాయి. పైకి చేరాక తాగండి. పైన దుకాణం ఉంటుందని నమ్ముకుని నీళ్ళు తగ్గించుకోవద్దు.

నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. పొద్దున్నే మంచు పడుతుంది, వెనక ఎర్ర లైటు లేకుండా బయల్దేరకండి. వేసవిలో వెలుగు రాగానే మొదలుపెట్టాలి. వానాకాలం రోడ్డు అంచున పాచి, మలుపుల్లో కొట్టుకొచ్చిన మట్టి, రాళ్ళు.

దిగడం

ఎక్కడం కాళ్ళని అలిసేలా చేస్తుంది, దిగడం బ్రేకుల్ని కాలుస్తుంది. 80 కిలోల బరువు 700 మీటర్లు కిందికి దిగితే విడుదలయ్యే శక్తి ఒకటిన్నర లీటర్ల చల్లని నీళ్ళని మరిగించగలదు. గాలి కొంత తీసుకున్నా మిగతాదంతా బ్రేకుల్లోకే పోతుంది. రిమ్ము బ్రేకుని అదే పనిగా రాసి పట్టుకుంటే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలుతుంది. అందుకని మలుపుకి ముందే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. తిన్నగా ఉన్న చోట గాలికి ఛాతీ ఎత్తి కూర్చుంటే వేగం అదే కొంత తగ్గుతుంది. ప్రతి రెండు మూడు కిలోమీటర్లకి ఆగి రిమ్ము దగ్గరికి అరచెయ్యి తీసుకెళ్ళి చూడండి, ముట్టుకోవద్దు. డిస్కు బ్రేకైతే అసలు దగ్గరికే పోనివ్వకండి, వేలు కాలుతుంది. చెమట బట్టల మీద చలిగాలి తగిలి వేళ్ళు బిగుసుకుంటే బ్రేకు లివర్ లాగలేరు, కాబట్టి పైనే పలచని జాకెట్టు వేసుకోండి.

ఇంటికొచ్చాక బ్రేకు రబ్బర్లు విప్పి చూడండి. ఘాటీ మట్టి నుంచి ఇసుక, రిమ్ము నుంచి అల్యూమినియం పలుకులు వాటిలో గుచ్చుకుని ఉంటాయి. పిన్నీసుతో పెకిలించి, రబ్బరు ముఖాన్ని గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దండి. రబ్బరు మీద గాడులు కనబడనంతగా అరిగితే మార్చేయండి.